త్రిపురక్క జడ

పామర్రు దాటానే, నువ్వు ఎండలో నిలబడకు, అని ఫోను పెట్టేసింది అక్క. ఎండలో నిలబడకూడదట. బట్టీ ముందు నిలబడ్డదానికి ఎండేమిటి, నీడేమిటి. బర్నరు హోరుమంటోంది, పక్కన ఊక నింపిన డ్రమ్ము మూత కింది నుంచి పచ్చటి పొగ సన్నగా కారుతోంది, పనిలో సాయానికి ఉండే కృపమ్మ తడిపిన గోనెపట్టా తెచ్చి మూత చుట్టూ ఒత్తుతోంది, అవనిగడ్డ మీద మబ్బు పట్టి కురవకుండా ఊరంతటినీ ఉడకబెడుతోంది. అక్క వస్తోంది. జడ కోసం వస్తోంది. తన జడ, నా దగ్గర దాచమని ఇచ్చిన జడ. అది లేదు. అసలు లేదని కాదు, చిటికెన వేలంత లావున ఒక ముక్క ఉంది, ఇదిగో నా ఏప్రన్ జేబులోనే ఉంది, మిగతాదంతా కుండల మీద ఉంది. కుండల మీద ఉండడమేమిటి, ఎంత అందంగా చెప్పుకుంటున్నాను. కాల్చేశాను. పోచ పోచ, పాయ పాయ, కూర్చుని ఓపిగ్గా కాల్చేశాను.

డ్రమ్ములో ఉన్నది, కాలితే గాజులా మెరిసే రాగి గ్లేజు పూసిన కూజా. ఇందాక బట్టీలోంచి కణకణలాడుతుండగా పటకారుతో తీసి ఊకలో పెట్టాం, ఊక భగ్గుమంది, మూత వేశాం. లోపల మంటకు గాలి అందదు, అందక గ్లేజులోని గాలినే పీల్చుకుంటుంది, అప్పుడు ఆకుపచ్చగా ఉండాల్సిన రాగి ఎర్రబడి, మెరుపెక్కి, అంచుల్లో నెమలికంఠం రంగు తిరుగుతుంది. ఎక్కడ ఏ రంగు తేలుతుందో ఎవరి చేతిలోనూ లేదు. చేతిలో ఉన్నదల్లా మూత తియ్యకుండా ఓర్చుకోవడం. తొందరపడి తీస్తే గాలి తగిలి ఎరుపంతా పోయి మళ్ళీ పచ్చబడుతుంది. జపాన్ నుంచి వచ్చిన పద్ధతి, దీన్ని రాకు అంటారని చెబితే కృపమ్మ మొదటిరోజు పగలబడి నవ్వింది, వచ్చేవాళ్ళని రాకు అనే పని మనకెందుకమ్మా అని. నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వడానికేం, బాగానే ఉండేది.

ఇప్పుడు బట్టీలో ఉన్నది వేరే రకం. మెడకు తెల్ల గ్లేజు, పొట్ట మాత్రం ఒట్టి మట్టి, గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా నున్నగా చేశాను. దీన్ని ఊకలో వెయ్యం. బయట ఇటుక మీద పెట్టి, ఎరుపు చావగానే పొట్ట మీద వెంట్రుకలు వేస్తాం. తగలగానే వెంట్రుక సుయ్యిమని మెలికలు తిరిగి కాలిపోతుంది, కాలిన దారి మట్టిలోకి దిగి నల్లటి గీతగా ఉండిపోతుంది, కడిగినా పోదు, గీకినా పోదు. వేడి మరీ ఎక్కువుంటే గీత కూడా మిగలదు. తగ్గితే మసి మరక. ఆ మధ్య ఉన్న కాసేపట్లోనే పని కానివ్వాలి, కన్ను పక్కకి తిప్పకూడదు. అందరూ గుర్రం తోక వెంట్రుకలు వాడతారు. నేనూ గుడివాడలో పెళ్ళి ఊరేగింపులకి తిప్పే గుర్రం యజమానిని బతిమాలి తెచ్చుకున్నదాన్నే. కానీ ఆ గీతలు పుల్లల్లా బిగుసుకుని ఉండేవి, ప్రాణం ఉండేది కాదు.

ప్రాణం. ఎంత సులువుగా వస్తుంది ఆ మాట నా నోటికి. అక్క జడ కత్తిరించింది నేనే. మందు ఎక్కించడం మొదలుపెట్టాక దిండు మీద గుప్పెళ్ళతో రాలుతోందని, అంతా రాలేదాకా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదే, నువ్వొచ్చి కత్తిరించెయ్ అని పిలిపించింది. గుడివాడలో వాళ్ళ పెరటి వసారాలో స్టూలు వేసుకుని కూర్చుంది. నాట్యం నేర్చుకునే పిల్లల్ని ఆ రోజు రావద్దంది. మోకాళ్ళు దాటే జడ. అమ్మ ఆదివారం ఆదివారం కొబ్బరినూనె కాచి ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పట్టించేది, ఆ నూనె అక్కకే ఎందుకు వంటబట్టిందో, నా జుట్టు ఏనాడూ భుజం దాటలేదు. తనే గట్టిగా అల్లుకుని రెండు కొసలూ దారంతో బిగించి కట్టుకుంది. కత్తెర ఆడలేదు, అంత ఒత్తు, నమిలి నమిలి కొయ్యాల్సి వచ్చింది. అక్క ఏడవలేదు. తెగిన జడను ఒళ్ళో వేసుకుని, బాబోయ్, ఇన్నాళ్ళూ ఇంత బరువు మోశానా అంది. తర్వాత అమ్మ పాత పట్టుచీర ముక్కలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. "నా దగ్గరుంటే రోజూ తీసి చూసుకుని ఏడుస్తాను. నువ్వు ఉంచవే. తగ్గాక బందరులో ఆమినా బీ చేత సవరం కట్టించుకుంటా. మళ్ళీ తెర పట్టించుకుని నా జడే వేస్తా. ఇంకొకళ్ళ జుట్టు నేను చచ్చినా పెట్టుకోను."

అక్కకి తెర అంటే మామూలు తెర కాదు. కూచిపూడి ఆటలో గర్వం గల నాయిక వచ్చే తీరు ఒకటుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు, ఆమె దాని వెనకే నిలబడి ముందుగా తన జడను తెర మీదుగా జనం వైపు వేస్తుంది. ముఖం కనపడదు, గజ్జెలు వినపడుతుంటాయి, జడ ఒక్కటే అందరి ముందూ వేలాడుతుంది. నాకు సాటి వచ్చేవాళ్ళుంటే రండి అని దానర్థం. అక్క మొదటిసారి పెదపారుపూడిలో చలువ పందిరి కింద వేసినప్పుడు నేను ముందు వరసలో చాప మీద కూర్చున్నాను. పక్కనున్న సత్యవతమ్మ గారు, అంత జడ ఎక్కడిదే, సవరమై ఉంటుంది, అన్నారు. నేను లేచి నిలబడి, మా అక్క సొంత జడండీ, కావాలంటే లాగి చూసుకోండి, అని పోట్లాడాను. తెర వెనక అక్కకి వినపడి నవ్వాపుకోలేక అడుగు తప్పిందట. ఇంటికొచ్చాక తిట్టింది, తిడుతూనే నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ పోట్లాడినదాన్నే, ఆ చేతులే ఇవి.

మళ్ళీ ఫోను. "కూచిపూడి వచ్చామే. కారు ఆపించి మా అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నా. బాలాత్రిపురసుందరి, నా పేరే ఉన్నావిడ, వదుల్తుందా నన్ను? ఆమినా బీ సాయంత్రంలోగా రమ్మంది, కాఫీ తాగి వెళ్ళిపోతా, వంటలేం పెట్టుకోకు." గొంతులో ఎంత హుషారు. దసరాకి పిల్లల కార్యక్రమం చివర్లో తనూ ఒక్క ప్రవేశం చేస్తుందట, డాక్టరు గారు ఒప్పుకున్నారట, ఒక్క ప్రవేశమే, ఆయాసం రాకుండా. చేస్తే జడ ఉండాలి. ఆ ఒక్కటే అడిగింది జబ్బుపడ్డాక నన్ను. డబ్బు అడగలేదు, వచ్చి నాలుగు రోజులుండమని అడగలేదు. ఇది దాచు అంది.

అడక్కపోయినా ఉండాల్సింది. ఐసీయూలో చేర్చారని బావగారు ఫోను చేసినప్పుడు వెళ్ళాను, వెళ్ళలేదని ఎవరూ అనలేరు. గాజు తలుపులోంచి చూశాను. మంచం మీద గుండుతో, గొట్టాలతో ఎవరో ఉన్నారు, అది అక్క అని బావగారు చెప్పబట్టి నమ్మాను. లోపలికి వెళ్తారా అని నర్సు అడిగితే నిద్రపోతోందిగా, లేపడం ఎందుకు అన్నాను. ఎంత దయ నాకు! బట్టీ పెట్టుకున్నానండీ, మధ్యలో వదిలేస్తే కుండలు పోతాయి అని బావగారికి చెప్పి వచ్చేశాను. అప్పటికి బట్టీ పెట్టనే లేదు. వచ్చాక పెట్టాను, చెప్పినమాట నిజం చేయడానికన్నట్టు. పట్టుగుడ్డ విప్పాను, ఎందుకు విప్పాను, ఊరికే, చూసుకుందామని. ఒక పోచ విడిపోయి గుడ్డకి అంటుకుని ఉంది. అది తెచ్చి వేడికుండ మీద వేశాను. సుయ్యిమంది. గీత సాగింది, వంగింది, ఆగినట్టే ఆగి మళ్ళీ కదిలింది, అక్క నడుము తిప్పినట్టు. కుండ ముందు కూలబడి ఏడ్చాను, అది నిజం. ఏడుస్తూనే దారం ముడి విప్పి ఇంకో పాయ లాగాను, అదీ నిజం.

ఒక్క పోచతో ఆపి ఉంటే జ్ఞాపకం కోసం అనుకోవచ్చు. కానీ ఇంటికి తిరిగి వస్తుందనుకునే మనిషి జడ ముడి ఎవరైనా విప్పుతారా? నేను అప్పటికే అక్కని పంపించేశాను. ఆస్పత్రిలో తను ఊపిరి కోసం పెనుగులాడుతుంటే నేనిక్కడ అక్క పోయిందనుకుని అక్క వెంట్రుకలతో గీతలు గీస్తున్నాను, ఏ గీత బాగా వచ్చిందో పక్కకి జరిగి చూసుకుంటున్నాను. తర్వాత అక్క లేచి కూర్చుంది, గంజి తాగింది, ఇంటికొచ్చింది. బావగారు ఫోనులో ఏడుస్తూ చెప్పారు. నాకు ముందు సంతోషం వచ్చిందా, భయం వచ్చిందా? సంతోషమే వచ్చిందని ఎవరి మీదైనా ఒట్టు పెట్టగలనా? పెట్టలేను. ముందు జడ గుర్తొచ్చింది.

అప్పుడైనా ఆపానా? సగం పోయాక మిగిలిన సగంతో ఏం చెప్పను అనుకున్నాను. విజయవాడలో ప్రదర్శన పెడితే జనం ఆ కుండల ముందే నిలబడ్డారు. ఈ గీతలకి చలనం ఉందండీ, ఏ గుర్రం తోక మేడమ్ ఇది, అని ఒకాయన కళ్ళజోడు తీసి మరీ చూశాడు. దేశవాళీ అన్నాను. దేశవాళీ! నాలుక తెగిపడలేదు. ఇంకా కావాలన్నారు, ఇంకా చేశాను. చేసిన ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాను, ముడి విప్పేటప్పుడు వెనకాడడం మాత్రం మానేశాను. మెడ దగ్గర తెల్ల గ్లేజు చల్లగాలికి టింగు టింగుమని పగులుతుంటే, ఆ వెంట్రుకల పొగే పగుళ్ళలోకి దూరి సన్నటి నల్ల ఈనెలు వేసేది. గ్లేజు పగలడం తప్పు కాదు ఈ పనిలో, పగలాలనే కలుపుతాం.

"ఈ వాసన నాకు పడదమ్మా," అంటుంది కృపమ్మ ఎప్పుడూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఊక కాలితే ఊక వాసన. ఇది కాటి వాసన." ఇవాళ ఆ మాట అనలేదు. బర్నరు కొంచెం తగ్గించి నా పక్కకి వచ్చి నిలబడింది. దానికి అంతా తెలుసు. నేను చెప్పలేదు, చూసింది. బీరువాలో పెట్టిన రెండో జడ సంగతి కూడా తెలుసు.

అవును, రెండో జడ. ఇంతదాకా దాని ఊసెత్తకుండా తిరుగుతున్నాను. విజయవాడలో వెంట్రుకల వ్యాపారి దగ్గర కొన్నాను, మోకాళ్ళు దాటే పొడవు, అంతే ఒత్తు. తెచ్చి కొబ్బరినూనె కాచి పట్టించాను, అమ్మ పట్టించినట్టే, ఆరబెట్టి మళ్ళీ పట్టించాను. అల్లి రెండు కొసలూ అదే రంగు దారంతో కట్టాను. అమ్మ పట్టుచీర ముక్కలోనే చుట్టాను. కుండల మీద కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండను. ఇంక మిగిలింది నా జేబులో ఉన్న ఈ ముక్క. ఇవాళ ఈ కుండ మీద ఇదీ వేసేస్తే అక్క జడ ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు, బీరువాలోదే అక్క జడ అవుతుంది. అందుకే ఇవాళే బట్టీ పెట్టాను. రాకముందే కానిచ్చేయాలనుకున్నాను, మబ్బుకి గ్యాసు మంట సరిగ్గా అందుకోక ఆలస్యమైంది.

"చెప్పెయ్యండమ్మా," అంది కృపమ్మ.

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే చూసుకుంటున్నానమ్మా. ఆవిడ ఈ ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను పేరు పెట్టి పిలిచి పలకరిస్తది. ఇయ్యాల ఆవిడ ముఖం నేనెట్టా చూడాలి?"

పొగరు దీనికి, అనుకున్నాను. ఎలుకలు కొట్టేశాయి అని చెబుదామని కూడా ఆలోచించాను ఒకప్పుడు. చెబితే అక్క నన్నే ఓదారుస్తుంది, పోనీలేవే, నువ్వేం చేస్తావు అని. ఆ ఓదార్పు పడలేకే ఈ జడ కొన్నాను. నిజం చెప్పొచ్చు కదా అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. జడ పోయినందుకు అక్క క్షమిస్తుంది, జుట్టే కదా అంటుంది, అది నాకు తెలుసు. ఎప్పుడు విప్పావు ముడి అని అడిగితే? దానికి ఏ నూనె పట్టించి ఏ గుడ్డలో చుట్టను?

కారు హారను. చల్లపల్లిలో ఫోను చేస్తానంది, చెయ్యలేదు, పులిగడ్డ కూడా దాటి వచ్చేసింది. దిగింది. తలకి నూలుగుడ్డ కట్టుకుంది, మనిషి సగమైంది, నడకలో మాత్రం ఆ తాళం పోలేదు. "ఏంటే ఇది, ఒంటి నిండా మసి! దగ్గరికి రాకు, చీర పాడవుతుంది. కృపమ్మా, కులాసాయేనా? పిల్లలు బాగున్నారా?" కృపమ్మ తల వంచుకుని ఆఁ అమ్మా అంది. "బీరువాలోనేగా? నువ్వు కదలకు, కుండ సంగతి చూసుకో, నేను తీసుకుంటాలే," అంటూ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

కుండ ఎర్రబడింది, గ్లేజు తేనెలా నిగనిగలాడుతోంది, ఇంక ఉంచకూడదు. కృపమ్మ బట్టీ మూత ఎత్తింది, నేను పటకారుతో తీసి ఇటుక మీద పెట్టాను. వేడి ముఖాన కొట్టింది. మెడ దగ్గర టింగుమంది, ఇంకోసారి టింగుమంది. ఎరుపు మెల్లగా చస్తోంది. జేబులో చెయ్యి పెట్టాను. ముక్క వేళ్ళకి తగిలింది, ఇంకా నూనె జిడ్డు ఉంది. ఇప్పుడే, ఈ కాసేపట్లోనే. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు.

అక్క బయటికి వచ్చింది. జడను భుజం మీదుగా ముందుకి వేసుకుంది, రెండు చేతులతో పట్టుకుని చెంపకి ఆనించుకుంది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి, నవ్వుతోంది. "ఎంత బాగా ఉంచావే! నూనె కూడా పట్టించావా? నా జుట్టు ఇంత నున్నగా ఉండేదంటే నాకే నమ్మబుద్ధి కావట్లేదు. చూడు, మర్చేపోయాను నేను."

నమ్మింది. అన్నీ సరిగ్గా కుదిరాయి. ఈ ముక్క వేసేస్తే అయిపోయింది, దసరాకి తెర మీద ఎవరిదో జడ పడుతుంది, జనం చప్పట్లు కొడతారు, అక్క తెర వెనక నవ్వుకుంటుంది. నేను ముందు వరసలో కూర్చుంటాను.

"అక్కా, అది నీది కాదు."

"ఏంటే?"

"ఆ జడ నీది కాదు. కొన్నాను. నీది ఇది." గుప్పిట తెరిచాను. "ఇంతే మిగిలింది. మిగతాదంతా కాల్చేశాను. కుండల మీద గీతలకి."

అక్క నా అరచేతిని చూసింది. తర్వాత వసారాలో అలమర వైపు చూసింది, అమ్మకుండా మిగిలినవి అక్కడ వరసగా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి ఒకదాని పొట్ట మీద వేలు పెట్టి గీత వెంబడి నడిపించింది. "ఇది నాదా?" ఆఁ అన్నాను. "ఇదీ?" ఆఁ. కృపమ్మ అటు తిరిగి నిలబడింది. అక్క ఆ కుండను ఎత్తి వెలుగులోకి తిప్పి చూసింది. బాగుందని కూడా అంటుందేమోనని ఒక పాడు ఆశ పుట్టింది నాలో. అప్పుడు వెనక్కి తిరిగి అడిగింది.

"ఎప్పుడు మొదలెట్టావ్?"

మొన్నీమధ్యే అనొచ్చు. నీకు తగ్గాక, మళ్ళీ జుట్టు వస్తోంది కదా అని, అనొచ్చు. "నువ్వు ఐసీయూలో ఉన్నప్పుడు."

"నేనింక రాననుకున్నావు."

"అనుకున్నాను."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. "స్పృహ వచ్చినప్పుడల్లా తలుపు వైపే చూసేదాన్నే," అంది. "మీ చెల్లెలు రారా అని నర్సు అడిగితే, అది బట్టీ పెట్టింది, మధ్యలో వదిలి రాకూడదు, పాపం, దానిది అట్లాంటి పని అని చెప్పాను. అందరికీ అదే చెప్పాను."

వేడి పోయిందమ్మా, అంది కృపమ్మ వెనక నుంచి, మెల్లగా. కుండ పొట్ట ఏ గీతా లేకుండా బోసిగా ఉండిపోయింది. అక్క వచ్చి నా అరచేతిలోంచి ముక్కను తీసుకుంది, పైటకొంగు చివర పెట్టి ముడి వేసుకుంది, కారు వైపు నడిచింది.

"ఎక్కడికక్కా?"

"బందరు. ఆమినా బీ ఎదురుచూస్తుంటుంది."

"ఇంత దాంతో ఏం కడుతుంది?"

"అడుగుతాను."

కారు తలుపు తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. భుజం మీద ఆ కొన్న జడ ఇంకా అలాగే ఉంది. వెనక్కి వచ్చింది. చీరకి మసి అవుతుందని కూడా చూడకుండా దగ్గరికి వచ్చి, జడను తీసి నా రెండు చేతుల్లో పెట్టింది.

"ఏ తల్లి కన్నబిడ్డదో, ఏ కొండెక్కి మొక్కు తీర్చుకుందో," అంది. "దీన్నైనా కాల్చకు."